ఒక్క మార్పే చెయ్యాలి

ఎర్ర రంగు ఆరడానికి నలభై నిమిషాలు పడుతుంది. ఆ నలభై నిమిషాల్లో గిన్నెలు తోముకోవచ్చు, ఉతికిన బట్టలు తీగ మీద వేసుకోవచ్చు, అత్తగారి మోకాళ్ళకి తైలం రాయొచ్చు, రేపటికి కూరగాయలు తరిగి మూత పెట్టుకోవచ్చు. మా ఆయనకి మాత్రం రంగు ఆరడమంటే కుర్చీలో వెనక్కి వాలి, కాళ్ళు చాపుకుని, ఆరుతున్నదాన్ని చూస్తూ కూర్చోవడం. "తొందరపడితే పాడవుతుంది" అంటాడు. నిజమే. ఆయన తొందరపడటం నేను ఎరగను, ఒక్కసారి తప్ప. ఆ ఒక్కసారి సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, చుట్టాలందరికీ తెలుసు, వాళ్ళ ఆఫీసులో ప్యూనుకి కూడా తెలుసు.

ఆయన చేసేవి విమానాలు. రెండు అరచేతుల్లో పట్టేటంతవి. బొమ్మలు అంటే కోపం, మోడల్స్ అనాలి. పెట్టెలో ప్లాస్టిక్ ముక్కలు కొమ్మకి కాయల్లా ఒక చట్రానికి అంటుకుని వస్తాయి. వాటిని కత్తిరించి, అరగదీసి, అతికించి, రంగు వెయ్యాలి. ఎవరైనా చేసేది అంతే. మా ఆయనా, ఆయన మోడల్స్ సంఘం వాళ్ళూ ఇంకో మెట్టు పైన ఉంటారు. నిజంగా ఎగిరిన విమానాలు వాళ్ళకి ఆనవు. కాగితం మీద గీతగా మిగిలిపోయినవి, రెండో ప్రపంచ యుద్ధం ఇంకో ఏడాది సాగి ఉంటే ఎగిరేవి, అవి కావాలి వాళ్ళకి. రెండు పెట్టెల ముక్కలు కలిపి, లేని విమానాన్ని ఉన్నట్టు చేస్తారు. మా ఆయనది జపాన్ వైపు. ఆ దేశం మీద ప్రేమ ఉండి కాదు, ఆ యుద్ధం మీద అంతకంటే కాదు. ముదురాకుపచ్చ రెక్కల మీద, వాళ్ళ జెండాలో సూర్యుడిలా ఉండే ఎర్రటి నిండు సున్నా ఆయన కంటికి అందం. ఆ సున్నాని ఆకాశంలో చూసి, కింద ఎంతమంది ఆడవాళ్ళు పిల్లల్ని చంకనేసుకుని పరిగెత్తారో అని నాకు అనిపిస్తూ ఉంటుంది. అన్నాను కూడా ఒకసారి. "నువ్వు ప్రతిదాంట్లోకీ పిల్లల్ని తెస్తావు" అన్నాడు.

ఆ సున్నాలు వేసేది నేను.

నేను పళ్ళ ల్యాబులో పని చేస్తాను. డాక్టర్లు నోటి అచ్చులు పంపిస్తే మేము కట్టుడు పళ్ళు చేసి పంపుతాము. నాది రంగు సీటు. పన్ను తెల్లగా ఉంటుందనుకుంటారు గానీ, ఉండదు. చిగురు దగ్గర తేనె రంగు, కొసన నీలపు నీడ, వయసు మళ్ళినవాళ్ళకి అక్కడక్కడా టీ మరకంత గోధుమ. పక్క పళ్ళతో కలిసిపోయి, ఇది కట్టిన పన్ను అని కట్టుకున్న మనిషే మర్చిపోవాలి. పని ఎంత బాగా చేస్తే అంత కనబడకుండా పోతుంది. ఎవరైనా డాక్టరు వస్తే ల్యాబు ఓనరు నా కుర్చీ వెనక నిలబడి, నా తల మీదుగా చెయ్యి చాపి, "మా షేడ్ చూడండి సార్, ఊళ్ళో ఇంకెవరికీ రాదు" అంటాడు. నేను తల కొంచెం పక్కకి వంచుతాను, ఆయన చేతికి అడ్డం రాకుండా.

ఏడేళ్ళ కిందట ఒక ఆదివారం మా ఆయన సున్నా వేసుకుంటూ విసుక్కుంటున్నాడు. ముదురాకుపచ్చ మీద ఎర్ర రంగు ఎన్నిసార్లు వేసినా ఇటుకపొడిలా చచ్చిపోతోంది. నేను చేతులు తుడుచుకుంటూ చూసి, "కింద తెల్లపూత వెయ్యండి. లోహం మీద పన్ను కట్టేటప్పుడు మేం చేసేది అదే, లేకపోతే పన్ను నల్లబడుతుంది" అన్నాను. నమ్మలేదు. మర్నాడు ల్యాబు నుంచి నా పాత సన్న బ్రష్ తెచ్చి ఒకటి వేసి చూపించాను. ముందు తెల్లటి సున్నా, అది ఆరాక దాని లోపల వెంట్రుక వాసి చిన్నగా ఎర్ర సున్నా. నిప్పు కణికలా వచ్చింది. ఆయన దాన్ని చాలాసేపు చూసి, "నువ్వు వంటింట్లోంచి వస్తూ పోతూ వేసెయ్యొచ్చు, నీకదొక లెక్కా" అన్నాడు. ఆ పూట నుంచి సున్నాలు నా పనుల్లో చేరాయి. ఒక్కో విమానానికి ఆరు. రెక్కల మీద రెండు, కింద రెండు, ఒంటికి అటూ ఇటూ రెండు. పూర్తయిన విమానాన్ని మా అత్తగారు కిటికీ వెలుతురుకి పట్టుకుని, "నా కొడుకు చెయ్యి చూడు, అచ్చు గుద్దినట్టు" అంటుంది. అచ్చు గుద్దినట్టున్నది ఆ సున్నా ఒక్కటే. నేను విని ఊరుకుంటాను. "తాగొచ్చి తన్నేవాళ్ళున్నారు లోకంలో. వీడు ప్లాస్టిక్ గీక్కుంటూ ఇంటిపట్టున పడుంటాడు. నీ అదృష్టానికి దిష్టి తియ్యాలి" అని కూడా అంటుంది. కాదనడానికి ఏముంది.

అదృష్టం అనే మాట నా మీద అప్పుడే మొదలు కాలేదు. మా పాప పుట్టినప్పుడు మొదలైంది. కాన్పు అయ్యాక నాకు రక్తం ఆగలేదు. నాలుగు బాటిళ్ళు ఎక్కించారు. ఐదోది ఆస్పత్రిలో లేదు. మా ఆయన చెప్పుల్లేకుండా రోడ్డున పడి, ఎక్కడెక్కడో తిరిగి, ఐదో బాటిల్ రొమ్ముకి అదుముకుని తెచ్చాడు. ఎన్నడూ తొందరపడని మనిషి తొందరపడ్డది అప్పుడే. పంతొమ్మిదేళ్ళుగా ఆ కథ ఇంటికొచ్చిన ప్రతి మనిషీ వింటున్నాడు. "నేను పరిగెత్తకపోతే ఇవాళ టీ ఇచ్చేది ఈవిడ కాదు, గోడ మీద ఫోటో" అని నవ్వుతాడు చివర్లో. వచ్చినవాళ్ళూ నవ్వుతారు. నేను టీ కప్పులు తీసుకుని లోపలికి పోతాను. మా అత్తగారు అందుకుంటుంది: "అది నా కొడుకు పెట్టిన ఊపిరి."

దానికి తోక ఇంకోటి ఉంది. ఆ తర్వాత పదకొండు రోజులు ఆయన నా మంచం పక్కన కూర్చున్నాడు. మా అత్తగారికి మోకాళ్ళు పట్టేశాయి, రాలేదు. మా అమ్మ అప్పటికే లేదు. ఆ పదకొండు రోజుల్లో ఆయన ఆఫీసు వాళ్ళ ప్రమోషన్ పరీక్ష అయిపోయింది. ఆయన వెనక చేరినవాళ్ళు ఇప్పుడు అద్దాల గదిలో కూర్చుంటున్నారు, ఆయన ఇంకా గుమాస్తా సీట్లోనే ఉన్నాడు. ఎప్పుడైనా కూర మాడితేనో, చొక్కా ఇస్త్రీ కాకపోతేనో, గట్టిగా ఏమీ అనడు. "పదకొండు రోజులు" అంటాడు, అంతే. మిగతాది నేను పూరించుకోవాలి.

ఈసారి ప్రదర్శనకి చేసిన విమానం అన్నిటికంటే పెద్దది. ప్రొపెల్లర్ ముందు కాక వెనక ఉంటుంది. ఎనిమిది నెలలు పట్టింది. ఇలాంటి లేని విమానం ఏది బల్ల మీద పెట్టినా పక్కన ఒక కార్డు పెట్టాలని వాళ్ళ సంఘం నియమం. ఆ కార్డు మీద ఈ విమానం ఎలా ఎగరగలిగిందో చరిత్ర రాయాలి. ఆ చరిత్రలో ఒక్క మార్పే చెయ్యాలి. ఒక తుఫాను ఒక రోజు ఆలస్యంగా రావడమో, ఒక వంతెన కూలకపోవడమో. మిగతాదంతా ఆ మార్పు వెంట దానంతట అది నడిచి రావాలి. సంఘానికి పెద్ద ఒక రిటైరైన టికెట్ కలెక్టరు, అందరూ టీసీ గారు అంటారు. ఒకసారి మా ఇంటికి వచ్చినప్పుడు నాకు ఆయనే చెప్పాడు. "రెండు అబద్ధాలు ఆడితే పిట్టకథ అమ్మా. ఒక్క అబద్ధం ఆడి దానికి కట్టుబడి ఉంటే చరిత్ర."

ఆ కార్డులు ఇన్నాళ్ళూ మా పాప కంప్యూటర్‌లో కొట్టిపెట్టేది. ఎక్కడెక్కడివో చూసి దించుతున్నారని ఈసారి చేతిరాతే ఉండాలన్నాడు టీసీ గారు. మా ఆయన రాత కోడి కెలికినట్టుంటుంది. నాది గుండ్రటి రాత. గురువారం పొద్దున ఆఫీసుకి పోతూ, మడత పెట్టిన చిత్తు కాగితం బల్ల మీద పెట్టి, "సున్నాల పని చూసుకుంటూ ఇదీ రాసెయ్" అన్నాడు. ఆయన రాసిన చరిత్ర నేను చదవడం అదే మొదలు. ఇన్నేళ్ళలో ఒక్కటీ అడిగి చదవలేదు.

సాయంత్రం ల్యాబు నుంచి వచ్చి, కుక్కర్ పెట్టి, కుడి రెక్క మీద మొదటి ఎర్ర సున్నా వేసి, గడియారం చూసుకుని, నలభై నిమిషాలు ఉన్నాయని కాగితం విప్పాను.

"ఈ విమానం ఎగరకపోవడానికి కారణం ఇంజను. ఇంజను ఆలస్యం కావడానికి కారణం దాన్ని గీసిన ఇంజనీరు. నవంబరు పంతొమ్మిదిన అతని భార్య ప్రసవించింది. రక్తస్రావం ఆగలేదు. ఆస్పత్రి రెండో అంతస్తు, కిటికీ నుంచి మూడో మంచం. గోడకి సగం దాకా ఆకుపచ్చ రంగు. నాలుగు సీసాల రక్తం ఎక్కించారు. ఐదోది లేదు. ఇంజనీరు కాళ్ళకి చెప్పుల్లేకుండా ఊరంతా పరిగెత్తి ఐదో సీసా తెచ్చాడు. భార్య బతికింది. పదకొండు రోజులు అతను ఆమె పక్కన కూర్చున్నాడు. ఇంజను పరీక్ష తప్పిపోయింది. ఇది జరిగింది."

దాని కింద ఒక గీత. గీత కింద:

"మార్పు: ఇంజనీరు పరిగెత్తలేదు."

"సీసా అందలేదు. మధ్యాహ్నం మూడు గంటలకి భార్య కన్నుమూసింది. బిడ్డ దక్కింది. ఇంజనీరు మూడో రోజున పనిలోకి వచ్చాడు. ఇంజను పరీక్ష నెగ్గింది. వసంతం నాటికి విమానం గాల్లోకి లేచింది. అతను ఏ ఎత్తుకి ఎదగవలసిన మనిషో ఆ ఎత్తుకి ఎదిగాడు."

ఆ ఇంజనీరు ఎక్కడా లేడు, అది మా ఆయన కల్పన. ఆ మాత్రం నాకు తెలుసు. నవంబరు పంతొమ్మిది మా పాప పుట్టినరోజు. అదీ తెలుసు. మొదటిసారి చదివినప్పుడు ఏమీ కాలేదు. రెండోసారి చదివినప్పుడు మూడో మంచం దగ్గర ఆగాను. మూడోసారి చదవలేదు, కాగితాన్ని బోర్లా పెట్టాను, వేడి గిన్నెని దించినట్టు. చెవుల్లో ఏ శబ్దమూ లేదు. కుక్కర్ కూస్తోందని దాని మూత మీద ఊగుతున్న బరువుని చూసి తెలుసుకున్నాను. ఎన్ని కూతలైందో తెలియదు. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో నాకు కుక్కర్ కూతల లెక్క తప్పడం అదే మొదలు. లోపలి గదిలోంచి మా అత్తగారు, "ఏమేవ్, మాడిపోతోంది, ముక్కు పనిచెయ్యట్లేదా" అంటోంది. ఆమె పెదాలు కనబడకపోయినా ఆ మాట నాకు అర్థమైంది. రోజూ వినే మాటే కదా.

పాప పుట్టిన రోజుది నాకు గుర్తున్నది చాలా తక్కువ. ఆకుపచ్చ గోడ. తడి గుడ్డ వాసన. పక్క మంచం అంచున కూర్చుని బిస్కెట్ తింటూ, ఏడో నంబరు బస్సు గురించి మాట్లాడిన నీలం యూనిఫాం మనిషి ఒకామె. ఆ నీలం యూనిఫాం ఆమె గురించి నేను ఎవరికీ చెప్పలేదు. చెప్పవలసిన అవసరం రాలేదనుకునేదాన్ని.

ఆరున్నరకి మా ఆయన వచ్చాడు. బూట్లు విప్పుతుంటే అడిగాను.

"ఈ ఇంజనీరు పెళ్ళాం ఎవరు?"

"ఎవరూ కాదు. కథలో మనిషి."

"మూడో మంచం."

ఒక బూటు చేతిలో పట్టుకుని ఆగాడు. "ఏదో ఒక మంచం రాయాలిగా. నాకు తెలిసిన ఆస్పత్రి అదొక్కటే."

"తేదీ?"

"నాకు గుర్తుండే తేదీ వేశాను. నీకు లోకంలో ఏది చూసినా నీ గురించే అనిపిస్తుంది." కోపంగా అనలేదు. నిజంగానే విస్తుపోయినట్టు అన్నాడు. "చదివినవాళ్ళు నమ్మాలంటే జరిగినట్టుండాలి. జరిగింది కాబట్టి అలా వచ్చింది. బాగా రాలేదా?"

"బాగానే వచ్చింది" అన్నాను. బాగానే వచ్చింది మరి. "మార్చడానికి ఇంకేమీ దొరకలేదా మీకు? ఇంజనీరు తల్లి వచ్చి నాలుగు రోజులు కోడలి పక్కన కూర్చుంటే సరిపోయేది కదా. అతను వెళ్ళి ఇంజను చూసుకునేవాడు. ఎవరూ చావక్కర్లేదు."

ఆయన ఆలోచించాడు. రెండు ముక్కలు అతుకుతాయో లేదో పట్టి చూసేటప్పుడు ఎలా ఆలోచిస్తాడో అలా. "అది నాకు తట్టలేదు" అన్నాడు. తర్వాత, "తట్టినా రాసేవాణ్ణి కాదు. అది ఎవరూ నమ్మరు" అన్నాడు.

"నాకప్పుడు మోకాళ్ళు పట్టేశాయి" అంది మా అత్తగారు లోపల్నుంచి. ఆమెకి చెవుడని టీవీ గట్టిగా పెట్టుకుంటాం.

"పరీక్ష ఏటా పెట్టారు కదా" అన్నాను.

"ఇంజను పరీక్షా?"

"మీ పరీక్ష."

ఆయన రెండో బూటు విప్పి, రెండూ జతగా గోడకి ఆనించి, బల్ల దగ్గరికి పోయి విమానం మీదకి వంగాడు. "ఇంకా అయిదు సున్నాలున్నాయి. ఆదివారం లోపల అవుతాయా?" అన్నాడు.

మర్నాడు ల్యాబులో ప్లాస్టర్ అక్కకి చెప్పాను. ఆమె అచ్చుల్లో ప్లాస్టర్ పోస్తుంది. మోచేతుల దాకా ఎప్పుడూ తెల్లగా ఉంటుంది కాబట్టి ఆ పేరు. నేను చెప్పిందంతా గిన్నెలో పిండి కలుపుతూ విని, కలపడం ఆపేసింది. ప్లాస్టర్ కలుపుతూ మధ్యలో ఆపకూడదు, గిన్నెలోనే గట్టిపడుతుంది. పట్టించుకోలేదు.

"మా ఆయనైతే నన్నిలా చంపడు" అంది చివరికి. "వాడికి రాయడం రాదు."

ఇద్దరం నవ్వాం. నవ్వు ఆగాక ఆమె గిన్నె బోర్లించి గట్టిపడ్డ ముద్దని చెత్తలో పడేసింది.

"ప్రాణం ఇచ్చింది నేనే కదా, తిరిగి తీసుకుంటే ఏం అనుకున్నాడేమో మీ ఆయన. అరువిచ్చిన గిన్నె లాగా."

"అంత ఆలోచించి ఉండడు అక్కా. మనిషి చెడ్డవాడు కాదు."

"చెడ్డవాడని నేనన్నానా? నిన్ను తీసేస్తే ఎవడికి ఏం కలిసొస్తుందో లెక్క చూశాడు. కలిసొచ్చింది. అంతేగా." కొత్త పిండి కొలిచి గిన్నెలో వేసింది. "అంత లెక్క చూసినవాడు సరిగ్గా చూశాడో లేదో."

నేను నా సీటుకి పోయి కూర్చున్నాను. ఆ రోజు నా ముందు ఒక ముసలాయన ముందు పళ్ళు నాలుగు ఉన్నాయి. చిగురు దగ్గర తేనె రంగు వేస్తూ, సరిగ్గా చూశాడో లేదో అన్న మాటనే తిప్పి తిప్పి అనుకున్నాను. ఇచ్చింది నేనే అని ఆయన అనుకుంటున్నాడు. పంతొమ్మిదేళ్ళుగా అనుకుంటున్నాడు. అనుకోనిచ్చింది ఎవరు?

మిగిలిన అయిదు సున్నాలూ వేశాను. ఒక్కోదానికి తెల్లపూత, ఆరాక ఎర్రది. అంచు ఎక్కడా పాకలేదు. ఇంత జరిగాక ఎలా వేశావని ఎవరైనా అడగొచ్చు. కోపం వస్తే పని చెడగొట్టేవాళ్ళు ఉంటారు, నాకు చేతకాదు. ఆ సున్నాలు నావి. కార్డు కూడా రాశాను, ఒక్క మాట మార్చకుండా. "కన్నుమూసింది" అన్న చోట నా గుండ్రటి సున్న నాకే ముచ్చటేసింది.

ఆదివారం ప్రదర్శన. సైకిళ్ళ షాపు మీద హాలు. పొడుగు బల్లలు, వాటి మీద తెల్ల దుప్పట్లు, దుప్పట్ల మీద ముప్పై నలభై విమానాలు. మగవాళ్ళు చేతులు వెనక్కి కట్టుకుని వంగి చూస్తూ తిరుగుతున్నారు, నిద్రపోతున్న పసిపిల్లల్ని చూసినట్టు. ఆడవాళ్ళం ముగ్గురమో నలుగురమో గోడ వెంట కుర్చీల్లో ఉన్నాం. మా ఆయన విమానం దగ్గర గుంపు ఎక్కువగా ఉంది. టీసీ గారు భూతద్దంతో సున్నా అంచు చూసి, "ఇది చెయ్యి కాదయ్యా, మిషను" అన్నాడు. మా ఆయన తల వంచి నవ్వాడు. తర్వాత టీసీ గారు కార్డు తీసి, స్టేషన్లో రైలు పేరు చదివినట్టు, హాలంతా వినబడేలా చదివాడు.

చివరి మాట దాకా ఎవరూ కదల్లేదు. టీసీ గారు కార్డు దించి, "ఎంత చిన్న మార్పు" అన్నాడు. "సైన్యాలు మార్చలేదు, సముద్రాలు మార్చలేదు. ఒక మనిషి పరిగెత్తలేదు. అంతే. ఇదయ్యా పద్ధతి."

చప్పట్లు కొట్టారు. మా ఆయన మొహం వెలిగిపోయింది. ఆ వెలుగు నేను ఎరుగుదును. ఆస్పత్రిలో, నాలుగో రోజున నాకు గొంతు వచ్చేసరికి, ఐదో బాటిల్ కథ ఎవరికో చెబుతూ ఆయన మొహం ఇలాగే ఉంది.

"ఇది మా ఇంట్లో జరిగిందే సార్" అన్నాడు ఉత్సాహంగా. "నిజంలో నేను పరిగెత్తాను. అదిగో, ఆవిడే."

అందరూ నా వైపు తిరిగారు. టీసీ గారు నవ్వుతూ, "అయితే ఈ విమానం ఎగరకపోవడానికి కారణం మీరేనన్నమాట అమ్మా" అన్నాడు. హాలు నవ్వింది. మా ఆయన అందరికంటే ఎక్కువ నవ్వాడు. కుర్చీల్లో ఉన్న ఆడవాళ్ళు మాత్రం నవ్వలేదు. నా పక్కనున్నామె తన చేతిసంచిని దగ్గరికి లాక్కుంది.

నేను లేచి బల్ల దగ్గరికి నడిచాను. అంతమంది మగవాళ్ళ మధ్య నేను మాట్లాడింది అదే మొదలు.

"మీ నియమం ఒక్క మార్పే కదా సార్?"

"ఒక్కటే అమ్మా. రెండుంటే పక్కన పెట్టేస్తాం."

"అయితే దీన్ని పక్కన పెట్టాలి. ఈ మార్పుకి ఆమె చావదు."

మా ఆయన నవ్వు ఇంకా మొహం మీదే ఉంది, దించడం మర్చిపోయిన జెండా లాగా.

"ఈయన రోడ్డున పడి తిరుగుతున్నప్పుడే నాకు ఐదో బాటిల్ ఎక్కుతోంది సార్. వార్డు తుడిచే ఆమె ఇచ్చింది. నాదీ ఆమెదీ ఒకటే గ్రూపు రక్తం. ఇచ్చి వచ్చి, మోచేతి మడతలో దూది పెట్టుకుని, నా పక్క మంచం మీద కూర్చుని బిస్కెట్ తింది. 'ఏడో నంబరు బస్సు పోయిందమ్మా, మళ్ళీ గంటకి గానీ లేదు, ఊరికే కూర్చునే బదులు' అంది. ఈయన తెచ్చేసరికి అంతా అయిపోయింది. నర్సు ఆ బాటిల్ తీసుకెళ్ళి ఫ్రిజ్‌లో పెట్టింది."

మా ఆయన పెదాలు కదిలాయి. "మరి నేను తెచ్చింది?" అన్నాడు. పసిపిల్లాడు అడిగినట్టు అడిగాడు.

"సాయంత్రం నాలుగో మంచం ఆమెకి ఎక్కించారు. ఆమె బతికింది." ఆయన కళ్ళలోకి చూసి చెప్పాను. "మీరు పరిగెత్తకపోతే పోయేది ఆమె. నేను కాదు. నేను బతికే ఉంటాను, పదకొండు రోజులూ మీరు నా పక్కన కూర్చునే ఉంటారు. నన్ను తీసెయ్యాలంటే ఆ తుడిచే ఆమెకి బస్సు దొరకాలి. అది రెండో మార్పు."

టీసీ గారు కార్డుని వెనక్కి తిప్పి చూశాడు, టికెట్ వెనక ఇంకేదో రాసి ఉంటుందన్నట్టు. ఏమీ లేదు. దాన్ని విమానం పక్కన పెట్టబోయి, ఆగి, తన జేబులో పెట్టుకున్నాడు.

"ఇన్నేళ్ళు ఎందుకు చెప్పలేదు?" అన్నాడు మా ఆయన.

జవాబు ఉంది. నాకు గొంతు వచ్చేసరికే మీరు ఆ కథ నలభై మందికి చెప్పారు, మీ మొహంలో ఆ వెలుగు ఆర్పబుద్ధి కాలేదు, అనొచ్చు. అది నిజమే. అయితే ఆ హాల్లో, ఆ ఎర్ర సున్నాల ముందు నిలబడి ఆ మాట నోటి దాకా తెచ్చుకునేసరికి నా ఒళ్ళు ఝల్లుమంది. ఆయన ఎనిమిది నెలలు కూర్చుని కాగితం మీద నన్ను తీసేశాడు. నేను నోరు మూసుకుని పంతొమ్మిదేళ్ళు ఆమెని తీసేశాను. ఇంటికొచ్చినవాళ్ళు ఆయనకి దండాలు పెడుతుంటే టీ కప్పులు మోశాను. ఆమె ఒంట్లో నెత్తురు నా ఒంట్లో తిరుగుతోంది. ఆమె పేరేమిటో నేను అడగలేదు.

బల్ల మీద రంగుల డబ్బాలో నా సన్న బ్రష్ ఉంది, దెబ్బలు పడితే సర్దడానికని తెచ్చింది. దాన్ని తీసి, కొస తుడిచి, నా సంచిలో పెట్టుకున్నాను.

"ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం" అన్నాడు మా ఆయన, గొంతు తగ్గించి. "అమ్మకి తైలం రాసే వేళైంది."

"మీరు రాయండి" అన్నాను.

మెట్లు దిగి రోడ్డు మీదకి వచ్చాను. బస్టాపులో ఒక పెద్దాయన ఉంటే, ఏడో నంబరు బస్సు ఇంకా ఆస్పత్రి వైపు వెళుతుందా అని అడిగాను. వెళుతుందన్నాడు, కాకపోతే గంటకి ఒకటే అన్నాడు. ఇప్పుడే ఒకటి పోయిందట.

బెంచీ మీద కూర్చున్నాను.